రోజంతా రేడియోలో శాస్త్రీయ సంగీతం: ఎక్కడ చెవి పెట్టాలి, ఎక్కడ వదిలేయాలి

మీ ప్రశ్న సారాంశం ఇదీ: పొద్దున్న లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా రేడియోలో కర్ణాటక సంగీతం పెట్టుకుని వింటున్నారు. హాయిగానే ఉంటోంది గానీ సాయంత్రానికి ఒక్క రాగం కూడా గుర్తుండటం లేదు, అన్నీ ఒకేలా అనిపిస్తున్నాయి. గురువు దగ్గర కూర్చుని నేర్చుకునే వీలు లేదు. ఒక రోజు ప్రసారాలను ఎలా వింటే చెవికి కాస్త పట్టు దొరుకుతుంది, ఏ రాగాలతో మొదలుపెట్టాలి అని అడిగారు.

నేను చాలా ఏళ్ళుగా పిల్లలకు గాత్రం చెబుతున్నదాన్ని, అంతకంటే ముందు నుంచీ ఆకాశవాణి వింటున్నదాన్ని. నా అనుభవంలో తేలింది చెబుతాను. రోజంతా వినడం వల్లే మీకు ఏదీ నిలవడం లేదు. మొత్తం రోజులో మూడు అరగంటలు మాత్రం పని మానుకుని వినండి. మిగతా సమయంలో రేడియో మోగుతున్నా పట్టించుకోకండి, దానివల్ల నష్టమేమీ లేదు. ఆ మూడు అరగంటల్లో ఏం వెతుక్కోవాలన్నదే అసలు విషయం.

ఈ పనికి రేడియోని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఫోన్‌లో వింటే మనకు నచ్చిన విద్వాంసుడు, నచ్చిన కీర్తన మళ్ళీ మళ్ళీ పెట్టుకుంటాం. అలా ఆ పాట వస్తుంది గానీ రాగం రాదు. రేడియో మీ ఇష్టాన్ని అడగదు. పేరెన్నడూ వినని కళాకారిణి మీరు ఊహించని రాగం ఎత్తుకుంటుంది. పైగా మధ్యలో రేడియో పెడితే అది ఏ రాగమో చెప్పేవాళ్ళు ఉండరు, కచేరీ చివర ప్రకటన వచ్చేదాకా ఆగాల్సిందే. ఆ ఆగే సమయమే మీకు పాఠం. ఇంకొకటి, రేడియోలో చెయ్యి కనిపించదు. సభలో అయితే గాయకుడి చేతిని చూసి తాళం వేస్తాం. ఇక్కడ సమం, అంటే తాళం మొదలయ్యే దెబ్బ, ఎక్కడుందో మీరే పట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు చేయాల్సింది షడ్జం, అంటే 'స'ను, పట్టుకోవడం. మీకు అన్నీ ఒకేలా అనిపించడానికి సగం కారణం ఇదేనని నా అంచనా. ఒక కార్యక్రమంలో పురుష గాయకుడు ఒకటో శ్రుతిలో పాడతాడు (శ్రుతి అంటే 'స' ఉండే ఎత్తు). తర్వాతి కార్యక్రమంలో గాయని ఐదున్నరలో పాడుతుంది. ఆ తర్వాత వేణువు, దాని శ్రుతి వేరు. అంటే రెండుసార్లు 'స' స్థానం మారిపోయింది. మీ చెవి మాత్రం మొదటి పాటలోని 'స' దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆధారం తప్పిన తర్వాత రిషభం ('రి') ఏదో గాంధారం ('గ') ఏదో తెలిసే దారి లేదు. అందుకని కార్యక్రమం మారగానే, పాట మొదలయ్యే ముందు వినిపించే తంబురా మీద దృష్టి పెట్టండి. కొన్ని క్షణాలే ఉంటుంది. నోరు మూసుకునే ఆ 'స'ను కూనిరాగంలా పట్టుకోండి. తర్వాత 'ప'. మళ్ళీ 'స'. గాయకుడు ఆలాపనలో, అంటే మాటలు లేకుండా రాగాన్ని విస్తరించేటప్పుడు, ఎంత దూరం వెళ్ళినా, ఎక్కడ వచ్చి ఆగుతున్నాడో చూసుకుంటే మీరు పట్టుకున్నది సరైనదో కాదో తెలిసిపోతుంది. ఒక వారం రోజుల పాటు ఇదొక్కటే చేయండి. రాగం పేరు జోలికే పోకండి.

ఇక పొద్దున్నతో మొదలుపెడదాం.

తెల్లవారుజామున కేంద్రం తెరుచుకోగానే వచ్చే ఆకాశవాణి సంకేత ధ్వని మీకు తెలిసే ఉంటుంది. 1936లో వాల్టర్ కౌఫ్‌మన్ అనే సంగీతజ్ఞుడు కూర్చిన బాణీ అది, శివరంజని ఛాయ ఉన్నదని చెబుతారు. తర్వాత వందేమాతరం, మంగళ వాద్యం, ఆపైన భక్తి సంగీతం. మన తెలుగువాళ్ళకు దాని పేరు భక్తిరంజని. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు, ఓలేటి వెంకటేశ్వర్లు గారు, శ్రీరంగం గోపాలరత్నం గారు లాంటివాళ్ళు అక్కడ పనిచేసిన కాలంలో భక్తిరంజని ఒక గొప్ప బడిలా నడిచింది. అన్నమయ్య, రామదాసు, నారాయణ తీర్థుల తరంగాలు, అధ్యాత్మ రామాయణ కీర్తనలు, తత్త్వాలు సంగీతం రాని ఇళ్ళలోకి కూడా వెళ్ళింది ఆ దారినే. రామదాసు కీర్తనలు ఈనాడు ఇంతమంది నోళ్ళలో ఆడుతున్నాయంటే అందులో బాలమురళి గారి గొంతుకూ రేడియోకీ పెద్ద వాటా ఉంది.

భక్తిరంజనిని చాలామంది తేలికగా తీసుకుంటారు. అదేదో కచేరీ కాదు, పూజగదిలో మోగేది అనుకుంటారు. కొత్తగా వినేవాళ్ళకు దానంత మంచి మొదలు ఇంకోటి లేదంటాను నేను. ఆలాపనలు, స్వరాలు ఉండవు, మూడు నాలుగు నిమిషాల్లో ఒక కీర్తన అయిపోతుంది. చరణం తర్వాత చరణం అదే వరస తిరిగి వస్తుంది. అలా తిరిగి రావడం వల్లే రాగం నడక మనకు తెలియకుండానే ఎక్కుతుంది. ఇక్కడ మీరు చేయాల్సింది మాట వినడం. సాహిత్యం తెలుగులో ఉండటం మనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఆఖరి చరణంలో ముద్ర, అంటే రచయిత గుర్తుగా పెట్టుకునే పేరు, వస్తుంది, దాన్ని పట్టుకోండి. వేంకటేశ్వరుడి పేరుతో ముగిస్తే అన్నమయ్య అయ్యే అవకాశం ఎక్కువ, భద్రాద్రి కనిపిస్తే రామదాసు. కచేరీల్లో గురుగుహ అంటే దీక్షితులు, శ్యామకృష్ణ అంటే శ్యామశాస్త్రి, మువ్వగోపాల అంటే క్షేత్రయ్య. త్యాగరాజ స్వామి తన పేరే పెట్టుకున్నారు. ప్రకటన రాకముందే రచయితను మీరు చెప్పగలిగిన రోజున మీకు కలిగే ఉత్సాహం చూడాలి.

ఉదయం రాగాల గురించి ఒక మాట. భూపాలం, బౌళి, మలయమారుతం పొద్దున్నే వినిపిస్తుంటాయి. మూడింటిలోనూ శుద్ధ రిషభం ఉంటుంది, అంటే 'స'కు ఆనుకునే ఉండే 'రి'. అది వినిపించగానే ఇంకా వెలుగు పూర్తిగా రాని వేళ ఒకటి మనసులో మెదులుతుంది. మనకు కర్ణాటక సంగీతంలో రాగానికి వేళ ఉండాలన్న నియమం ఇప్పుడు పెద్దగా పాటించడం లేదు, సాయంకాలం కచేరీలో బిలహరి పాడినా ఎవరూ తప్పు పట్టరు. కానీ రేడియోలో కార్యక్రమాలు కూర్చేవాళ్ళు ఉదయానికి ఉదయ రాగాలే చూసి పెట్టే ఆనవాయితీ ఉంది. కొత్త శ్రోతకు దీనివల్ల పెద్ద లాభం. పొద్దున్న వేళ వినిపించే రాగాలు ఫలానా గుంపులోవే ఎక్కువ అని తెలిస్తే వెతకాల్సిన చోటు చిన్నదవుతుంది.

మొదటి అరగంట మీరు గట్టిగా వినాల్సింది ఉదయం కచేరీ. ఎనిమిది, తొమ్మిది ప్రాంతంలో చాలా కేంద్రాలు అరగంట గాత్రమో వాద్యమో పెడతాయి. మీ కేంద్రం సమయాలు ప్రసార పట్టికలో చూసుకోండి, అప్పుడప్పుడూ మారుతుంటాయి. ఈ అరగంట కచేరీ అనేది ఆకాశవాణి తయారుచేసిన ప్రత్యేకమైన రూపం. సభలో మూడు గంటలు పాడేవాళ్ళు ఇక్కడ అరగంటలో తమ విద్వత్తంతా చూపించాలి. ఒక చిన్న కృతి, ఒక పెద్ద కృతి, సమయం మిగిలితే చివర జావళో తిల్లానానో లాంటి ఒక తేలిక పాట. పెద్ద కృతికి ముందు నాలుగైదు నిమిషాలు ఆలాపన, దానికి వయొలిన్ జవాబు, కృతి, కాసేపు స్వరకల్పన, అంటే అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం. వృథాగా ఒక్క సంచారం ఉండదు. రాగాన్ని నాలుగు నిమిషాల్లో నిలబెట్టాలి కాబట్టి గాయకుడు ఆ రాగానికి ప్రాణమైన పదబంధాలనే ముందు వేస్తాడు. మనం గుర్తుపట్టడానికి కావాల్సింది సరిగ్గా అవే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఉదయం కచేరీ మధ్యలో రేడియో పెట్టారు. ఆలాపన పైకి ఎక్కుతోంది: స రి గ ప ద స. చతుశ్శ్రుతి రిషభం, అంతర గాంధారం, పంచమం, చతుశ్శ్రుతి దైవతం. మధ్యమం ('మ') లేదు, నిషాదం ('ని') లేదు. మోహనం అనుకుంటారు. అనుకోండి, తప్పేం లేదు, అలా ఊహించుకోవడమే కావాలి. ఇప్పుడు దిగేటప్పుడు జాగ్రత్తగా వినండి. మోహనమైతే వచ్చిన దారినే దిగుతుంది: స ద ప గ రి స. అలా కాకుండా పైషడ్జం నుంచి నిషాదాన్ని తాకుతూ దిగి, పంచమం తర్వాత మధ్యమం మీదుగా గాంధారానికి వచ్చిందా, అది బిలహరి. ఎక్కేటప్పుడు మోహనం, దిగేటప్పుడు శంకరాభరణం. సంగీతం నేర్చుకునే పిల్లలు స్వరజతి దశలోనే ఈ రాగాన్ని పాడేస్తారు, కానీ పేరు చెప్పకుండా వినిపిస్తే చాలామంది మోహనమనే అంటారు. ఎందుకంటే ఎక్కడం వింటారు, దిగడం వినరు. ఏ రాగమైనా సరే, దిగే దారిని వినడం అలవాటు చేసుకోండి. చాలా రాగాల గుట్టు అక్కడే ఉంటుంది.

ఇంకో జంట కల్యాణి, శంకరాభరణం. స్వరాల్లో తేడా మధ్యమం ఒక్కటే. కాగితం మీద చదివితే ఇది బోధపడదు. శంకరాభరణంలో మధ్యమం గాంధారాన్ని ఆనుకుని ఉంటుంది, గాంధారం మీదికే వాలుతుంది. కల్యాణిలో మధ్యమం పంచమానికి దగ్గరగా ఉంటుంది, పంచమం వైపు లాగుతుంది. 'గ' మీద గాయకుడు నిలబడి పైకి కదిలినప్పుడు ఆ మధ్యమం ఎటు మొగ్గుతోందో చూడండి. రెండు మూడు నెలల్లో ఈ రెండూ మీకు ఇక ఎప్పటికీ కలవవు.

స్వరస్థానాలతో మొదలుపెట్టాను గానీ రాగాన్ని నిజంగా గుర్తుపట్టేది స్వరాల లెక్కతో కాదు. ఇంట్లోవాళ్ళు ఎవరొస్తున్నారో తలుపు అవతల అడుగుల చప్పుడును బట్టి చెప్పేస్తామే, అలాంటిదే ఇదీ. తోడి గాంధారాన్ని చూడండి. అది ఒక చోట నిలబడే స్వరం కాదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతూ ఉంటుంది. ఆ ఊగడమే తోడి. దాన్ని నిలిపి పాడితే స్వరం సరైనదే అయినా రాగం పోతుంది. స్వరాన్ని ఇలా ఊపడం, జార్చడమే గమకం. మన సంగీతంలో అది అలంకారం కాదు, స్వరం శరీరం అదే. ఆకాశవాణి హార్మోనియాన్ని 1940 నుంచి 1971 దాకా దగ్గరికి రానివ్వకపోవడానికి కారణాల్లో ఇదొకటి. ఆ పెట్టె మీద స్వరం మెట్టు మీదే నిలబడుతుంది గానీ రెండు మెట్ల మధ్య జారదు, ఊగదు. ఆ నిషేధం సబబా కాదా అన్నది వేరే చర్చ. హార్మోనియం విద్వాంసులకు అన్యాయం జరిగిందనే నేను అనుకుంటాను. కానీ మన చెవి వెతకాల్సింది స్వరం కంటే ముందు దాని కదలికను అన్నది మాత్రం నిజం.

కళాకారుల పేర్లు తెలియనివి వస్తే ఛానల్ మార్చేయకండి. ఆకాశవాణిలో పాడాలంటే ఆడిషన్ నెగ్గాలి. బి, బి హై, ఎ, టాప్ అని శ్రేణులు ఉంటాయి, ఒక్కో మెట్టు ఎక్కడానికి ఏళ్ళు పడుతుంది. ఎవరిది ఏ శ్రేణో ప్రకటనలో చెప్పరు. బి హై కళాకారుల కచేరీలు కొత్తవాళ్ళకు మరీ మంచివని నా అభిప్రాయం. పెద్ద విద్వాంసులు రాగాన్ని మనకు తెలిసిన దారిలోంచి తప్పించి ఎక్కడికో తీసుకెళ్ళి మళ్ళీ తెస్తారు, వెంటపోలేం. వీళ్ళు పాఠం వచ్చినట్టుగా, శుద్ధంగా, రాగలక్షణం చెదరకుండా పాడతారు. పట్టుకోవడం తేలిక.

మధ్యాహ్నం సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ వేళ గట్టిగా వినమని నేను అడగడం లేదు. ఆ సమయంలో వాద్య సంగీతం వస్తే మాత్రం వదలకండి. మాట ఉండదు కాబట్టి మొదట్లో కష్టంగా ఉంటుంది. వీణ వినేటప్పుడు మీటు తర్వాత తీగ మీద స్వరం ఎలా సాగుతోందో గమనించండి. ఒకే మీటుకు మూడు నాలుగు స్వరాలు లాగడం వినిపిస్తుంది, గమకం ఏమిటో కళ్ళకు కట్టినట్టు తెలిసేది అక్కడే. ఈమని శంకరశాస్త్రి గారి వీణ, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, షేక్ చిన మౌలానా గారి నాదస్వరం పాత రికార్డింగుల నుంచి వేస్తుంటారు. కారంచేడు, కరవది ప్రాంతాల నుంచి నాదస్వర పరంపర తమిళ దేశం దాకా వెళ్ళి నిలిచిందంటే చిన మౌలానా గారి లాంటివాళ్ళ వల్లే. ఆయన కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. నాదస్వరంలో తోడి వచ్చిన రోజున ఏ పనైనా ఆపేయండి.

రెండో అరగంట తాళానికి ఇవ్వండి. సాయంత్రం కచేరీ అయితే బాగుంటుంది. కృతి మొదలవగానే తొడ మీద ఆది తాళం వేసి చూడండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బ ఉసి, దెబ్బ ఉసి (ఉసి అంటే అరచేయి తిరగేయడం). మొత్తం ఎనిమిది. పల్లవి తిరిగి తిరిగి ఒకే చోట పడుతోందంటే మీ తాళం సరిపోయినట్టు. జారిపోతుంటే అది ఆది కాదన్నమాట. ఏడుగా లెక్కించి చూడండి, మూడూ నాలుగుగా, మిశ్రచాపు అవుతుంది. ఐదైతే ఖండచాపు. రూపకమైతే మూడు దెబ్బల లెక్కలో కుదురుతుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. పాట చాలాసార్లు దెబ్బ మీద మొదలవదు, దెబ్బ తర్వాత అరక్షరమో ఒకటిన్నర అక్షరాలో వదిలి ఎత్తుకుంటారు. దాన్ని ఎత్తుగడ అంటాం. చెయ్యి కనిపించకుండా ఈ ఎత్తుగడ పట్టుకోవాలంటే మృదంగాన్ని నమ్ముకోండి. మృదంగం వాయించేవారు ముగింపులో ఒకే కోర్వ, అంటే ముగింపు జతుల వరస, మూడుసార్లు వేసి వదులుతారు, ఆ మూడోది వెళ్ళి పడే చోటు పాట ఎత్తుగడో, సమమో అయి ఉంటుంది. విజయవాడలో దండమూడి రామమోహనరావు గారి మృదంగం, అన్నవరపు రామస్వామి గారి వయొలిన్ పక్కవాద్యాలుగా ఉన్న పాత కచేరీలు వస్తే తాళం నేర్చుకోవడానికి అంతకంటే శుభ్రమైన వినికిడి దొరకదు.

సాయంత్రం పూట ఒకప్పుడు సంగీత శిక్షణ అని పాఠం వచ్చేది. ఓలేటి గారు చెప్పిన పాఠాలు విని రేడియో ముందు కూర్చుని కృతులు నేర్చుకున్నవాళ్ళు ఆంధ్రదేశమంతా ఉన్నారు. పల్లవిని ఒక్కో సంగతిగా, అంటే అదే పాదం కొత్త మలుపుతో పాడే ఒక్కో తీరుగా, విడదీసి, శిష్యుల చేత పాడించి, మళ్ళీ కలిపేవారు. అలాంటి పాఠం మీ కేంద్రంలో వస్తే అది మీకు పంచభక్ష్యపరమాన్నమే. మీరు పాడలేకపోయినా సరే, వినండి. కృతిలో పల్లవి మొదటి సంగతి నుంచి చివరి సంగతి దాకా ఎలా పెరుగుతుందో తెలిస్తే కచేరీలో అదే పల్లవి పదిసార్లు ఎందుకు పాడుతున్నారన్న సందేహం ఇక రాదు. ఒక్కోసారి ఒక్కో కొత్త మలుపు చేరుతోంది, అంతే. సంగతులు లెక్కపెట్టుకుంటూ వినడం చాలా మంచి సాధన.

మూడో అరగంట రాత్రి కచేరీలో వినాలి, అదీ నెరవల్ దగ్గర. దీని గురించి కాస్త విపులంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగు శ్రోతకు నెరవల్ దగ్గర దొరికే ఆనందం ఇంకెవరికీ దొరకదు.

నెరవల్ అంటే కృతిలోంచి ఒక పాదం తీసుకుని, మాటలు మార్చకుండా, తాళంలో వాటి స్థానం చెదరకుండా, రాగంలో ఎన్నో విధాలుగా పాడటం. త్యాగరాజ స్వామి కల్యాణి రాగ కృతి "నిధి చాల సుఖమా" తీసుకోండి. మిశ్రచాపు తాళం. అందులో "మమత బంధన యుత నరస్తుతి సుఖమా" అనే చోట నెరవల్ చేయడం పరిపాటి. మమకారంలో చిక్కుకున్న మనిషిని పొగడటం సుఖమా, ఆ పరమాత్ముడిని కీర్తించడం సుఖమా అని అడుగుతున్నారాయన. మాట అర్థమైతే గాయకుడు 'మమత' దగ్గర ఎందుకు కాసేపు ఆగుతున్నాడో, 'సుఖమా' అని ఒక్కోసారి ప్రశ్నలాగా, ఒక్కోసారి నిట్టూర్పులాగా ఎందుకు పలుకుతున్నాడో మీకు తెలుస్తుంది. మొదట కింది స్థాయిలో నెమ్మదిగా మొదలవుతుంది. మధ్యస్థాయిలో పంచమం చుట్టూ తిరుగుతుంది. తర్వాత తారస్థాయి షడ్జానికి వెళ్ళి అక్కడ 'నరస్తుతి' అన్న మాటను నిలబెడతారు. వయొలిన్ ప్రతి ఆవృత్తానికీ (తాళం ఒక చుట్టుకు) జవాబు చెబుతుంది. చివరికి రెండో కాలం, అంటే రెట్టింపు వేగం, అందుకుంటారు. ఇదంతా ఆ ఒక్క పాదంలోని మాటలతోనే.

భాష రాని విద్వాంసులు కొందరు ఈ నెరవల్‌లో మాటను తప్పుగా విరుస్తారు. 'నరస్తుతి'ని ముక్కలు చేసి ఒక ముక్కను ఒక ఆవృత్తంలోనూ ఇంకో ముక్కను ఇంకో ఆవృత్తంలోనూ వేస్తారు. అది వింటే మనకు బాధ కలుగుతుంది, కలగాలి కూడా. అంతమాత్రాన కచేరీ ఆపేయకండి, రాగం గొప్పగా ఉండవచ్చు. కానీ సాహిత్యాన్ని పట్టించుకునే శ్రోతలు తెలుగునాట తగ్గిపోతున్నారన్నది నా ఆవేదన. మన భాషలో ఉన్న సంగీతాన్ని మాట వినకుండా వినడం మనం చేయదగ్గ పని కాదు.

రాత్రి ప్రసారాల్లో ఆకాశవాణి జాతీయ సంగీత కార్యక్రమం ప్రత్యేకమైనది. 1952లో మొదలైంది, శనివారం రాత్రులు దానికే కేటాయించేవారు. 1954 నుంచి ఆకాశవాణి సంగీత సమ్మేళనం కూడా ఉంది, వేర్వేరు ఊళ్ళలో ఆహూతుల ముందు కచేరీలు చేయించి వాటిని ఏకబిగిన కొన్ని రాత్రులు ప్రసారం చేస్తారు. స్టూడియో కచేరీకీ దీనికీ తేడా మీకే తెలుస్తుంది. జనం ముందు గాయకుడు ఇంకాస్త సాహసిస్తాడు. రాగం తానం పల్లవి అనే కచేరీలోని విస్తారమైన అంశం వినే భాగ్యం ఎక్కువగా ఇక్కడే. అది మాత్రం మొదటి ఆరు నెలలు మీరు కేవలం ఆనందించండి, విశ్లేషించే పని పెట్టుకోకండి. పుష్య బహుళ పంచమి రోజున తిరువయ్యారు నుంచి వచ్చే త్యాగరాజ ఆరాధన ప్రత్యక్ష ప్రసారం తప్పక వినాల్సింది. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ, ఈ అయిదు రాగాల్లో పంచరత్న కీర్తనలు వరసగా, వందలమంది గొంతులతో వస్తాయి. అన్నీ ఆది తాళమే కాబట్టి తాళం వేసుకుంటూ కూర్చోవచ్చు.

ఆకాశవాణి రాగం అనే 24 గంటల శాస్త్రీయ సంగీత ఛానల్ 2016 జనవరి 26న బెంగళూరు నుంచి మొదలైంది, ఫోన్‌లో న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లోనూ వినవచ్చు. అందులో హిందుస్తానీ కూడా వస్తుంది. వినండి, వదలకండి. అక్కడ వేళ నియమం ఇంకా గట్టిగా ఉంది. ఉదయం భైరవ్, సాయంత్రం యమన్, రాత్రి పొద్దుపోయాక మాల్కౌన్స్, దర్బారీ. యమన్ మన కల్యాణికి, భైరవ్ మన మాయామాళవగౌళకు, మాల్కౌన్స్ మన హిందోళానికి దగ్గర. కానీ పేర్లను నమ్మకండి. వాళ్ళ తోడి మన శుభపంతువరాళికి దగ్గర, వాళ్ళ భైరవి స్వరాలు మన తోడివి. ఒకే రోజు రెండు సంప్రదాయాలూ కలిపి గుర్తుపట్టే ప్రయత్నం మాత్రం మొదట్లో వద్దు.

సెట్టు గురించి రెండు మాటలు. మీడియం వేవ్‌లో విజయవాడ 837, హైదరాబాద్ 738 కిలోహెర్ట్‌జ్‌ల మీద వస్తాయి. మీడియం వేవ్‌లో సుమారు 5 కిలోహెర్ట్‌జ్‌ల పైనున్న ధ్వని దాదాపు రాదు, అందుకే తంబురా మెరుపు, మృదంగం కుడివైపు నాదం కాస్త మొద్దుబారతాయి. ఎఫ్‌ఎంలో 15 దాకా వస్తుంది. శ్రుతి పట్టే సాధనకు ఎఫ్‌ఎం గానీ యాప్ గానీ వాడండి. మీడియం వేవ్‌కు ఒక సుగుణం ఉంది. పగలు ఆకాశంలో ఉండే ఒక పొర ఆ తరంగాలను పీల్చేసుకుంటుంది, పొద్దుగుంకాక ఆ పొర పలచబడి దూరపు కేంద్రాలు అందుతాయి. రాత్రిపూట ముల్లు మెల్లగా తిప్పితే తమిళ, కన్నడ, మలయాళ కేంద్రాల కచేరీలు దొరుకుతాయి. సెట్టు లోపల ఉండే ఫెర్రైట్ కడ్డీకి దిశ ఉంటుంది కాబట్టి సెట్టును నిలువునా కాకుండా అడ్డంగా, అటూ ఇటూ తిప్పి చూడండి. ఎల్‌ఈడీ బల్బులు, ఫోన్ చార్జర్ల పక్కన పెడితే గుర్రుమనే చప్పుడు తప్పదు, దూరంగా పెట్టండి.

పక్కన ఒక నోటు పుస్తకం ఉంచుకోండి. తేదీ, వేళ, మీరు ఊహించిన రాగం, తర్వాత ప్రకటనలో చెప్పిన రాగం. ఇంతకు మించి రాయకండి. ఊహ ముందు రాయడం ముఖ్యం. ప్రకటన విన్నాక "నేనూ అదే అనుకున్నాను" అనిపించడం చాలా సహజం, కాగితం మీద ఉంటే ఆ మోసం జరగదు. ఒక్క రాగాన్ని మీరు పదే పదే మరో రాగంగా రాస్తున్నారని రెండు నెలల తర్వాత కనిపిస్తుంది. అప్పుడు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఫోన్‌లో వినండి. ఫోన్ అవసరం ఉన్నది అక్కడే.

ఇక మీ చివరి ప్రశ్న, ఏ రాగాలతో మొదలుపెట్టాలని. ఐదు చాలు. మోహనం, మధ్యమావతి, మాయామాళవగౌళ, కల్యాణి, తోడి. మోహనం, మధ్యమావతి ఐదేసి స్వరాలవి, మొదటి నెలలోనే పట్టుబడతాయి. మధ్యమావతి కచేరీ చివర మంగళానికి ముందు తరచుగా వస్తుంది కాబట్టి వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. మాయామాళవగౌళ తెలిస్తే ఉదయ రాగాల ఛాయ తెలుస్తుంది. కల్యాణి లేని వారం రేడియోలో ఉండదు. తోడికి మాత్రం ఏడాది పట్టినా కంగారు పడకండి. ఈ ఐదు కాకుండా ఏది వచ్చినా పుస్తకంలో "ఐదింటిలో లేదు" అని రాసి ఊరుకోండి, అదీ సరైన సమాధానమే. మేళకర్తల (మూల రాగాల) పట్టిక, 72 పేర్లు ఇప్పుడే కొనుక్కుని బట్టీ పట్టకండి. ఈ ఐదూ తడుముకోకుండా చెప్పగలిగినప్పుడు ఇక్కడే మళ్ళీ రాయండి, తర్వాత ఖరహరప్రియ, భైరవి, కాంభోజి ఎలా వినాలో చెబుతాను.